గంట తాత పళ్లెం

మా చిన్నప్పుడు విశాఖపట్నం వన్ టౌన్లో ఆదివారం పూట తెల్ల చొక్కా వేసుకుని, దానికి ఎరుపు అంటకుండా గుడి (మేం చర్చిని అలాగే అంటాం) దాకా నడిచి వెళ్లడం ఒక విద్య. బైలదిల్లా కొండల నుంచి కేకే (కొత్తవలస-కిరండూల్) రైలు లైన్ మీద గూడ్సు బళ్లలో ఇనుప ఖనిజం పోర్టుకి వచ్చేది. అక్కణ్నుంచి ఓడలెక్కి జపాన్ పోయేది. పోయింది పోగా గాలికి లేచిన పొడి మా వాటా. ఆరేసిన బట్టల మీద, కిటికీ ఊచల మీద, మంచినీళ్ల కుండ మూత మీద, ఎక్కడ వేలు పెట్టినా సన్నటి ఎర్ర పొర. మా అమ్మ దాన్ని "జపానోడి కుంకం" అనేది.

గుడి బెంచీల మీదా అదే కుంకం. ఆరాధన ఏడున్నరకైతే అయిదున్నరకే గంట తాత వచ్చి బెంచీలు తుడవడం మొదలుపెట్టేవాడు. అసలు పేరు సంఘం రిజిస్టరులో ఉండేది గానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. గంట కొడతాడు కాబట్టి గంట తాత. భుజం మీద గళ్ల తువ్వాలు, చేతిలో బకెట్టు, రెండు గుడ్డలు. ముందు తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ. తడి ఆరేలోపు పొడిగుడ్డ పడకపోతే చెక్క మీద ఎర్ర చారలు మిగిలిపోయేవి. వాటి మీద కూర్చున్న పంచెల గతి ఇక చెప్పక్కర్లేదు. నాలుగు బెంచీలు అయ్యేసరికి బకెట్లో నీళ్లు ఇటుక రంగుకి తిరిగేవి. వాటిని తీసుకెళ్లి ఆవరణలో బాదం చెట్టు మొదట్లో కుమ్మరించి, మళ్లీ నూతి దగ్గరికి వెళ్లేవాడు.

మా నాన్న పోర్టులో గుమాస్తా. సంఘంలో కోశాధికారి కూడా. కానుక సంచులూ లెక్కల పుస్తకమూ పట్టుకుని, నన్ను వెంటేసుకుని పెందలాడే వెళ్లిపోయేవాడు. నాన్న వెస్ట్రీలో, అంటే గుడి పక్క గదిలో, కూర్చుని చిల్లర లెక్కేసుకుంటుంటే నాకు పనేముంది, తాత వెనకాల తిరగడమే. తాత వెనక బెంచీ నుంచి మొదలుపెట్టి ముందుకి వచ్చేవాడు. ఓసారి అడిగాను, ముందు నుంచి ఎందుకు తుడవవని. ముందు బెంచీలు పెద్దవాళ్లవి కదా, ముందు అవి శుభ్రమవ్వాలి కదా అని నా లెక్క.

"ముందొచ్చీవోలు ఎనకాలే కూకుంటారు బాబూ. ఆలొచ్చీసరికి ఆరిపోవాల" అన్నాడు.

నిజమే. అందరికంటే ముందు వచ్చేవాళ్లు పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి అటునుంచటే వచ్చే ఆయాలు, ప్రార్థనయ్యాక కురుపాం మార్కెట్లో గంప దింపుకోవాల్సిన ఆడవాళ్లు. వాళ్లు వెనకే కూర్చునేవారు. ఏడూ నలభైకి ఫియట్లలోనూ అంబాసిడర్లలోనూ దిగేవాళ్లు నేరుగా ముందు బెంచీలకి నడిచిపోయేవారు. ఎవరూ బోర్డు పెట్టలేదు, ఎవరూ ఎవర్నీ లేవమనలేదు. అలా జరిగిపోయేదంతే. లూకా సువార్త 14వ అధ్యాయం, "కడపటి చోటున కూర్చుండుము" అన్న వాక్యం, ఏటా ఓసారి పాఠంగా వచ్చేది. దాన్ని చదవడానికి లేచేది మాత్రం మొదటి బెంచీలోంచే. ఆ తమాషా అప్పట్లో నా బుర్రకి తట్టలేదు. నా ఆశల్లా పెద్దయ్యాక ఆ మొదటి బెంచీలో కూర్చోవడమే.

తాత సాధువనుకునేరు. నోరు మంచిది కాదు. ఆవరణలోకి మేక వస్తే దాని యజమానికి ఏడు తరాలు గుర్తొచ్చేలా తిట్టేవాడు. ఒకసారి పోర్టు ఆఫీసరుగారబ్బాయి గంట తాడు పట్టుకుని ఊయలూగుతుంటే వీపు మీద ఒక్కటిచ్చాడు. ఆ సాయంత్రమే పెద్దల కమిటీ కూర్చుంది. నాన్నతో పాటు వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. తాత చేతులు కట్టుకుని నిలబడతాడని, తప్పయిపోయిందంటాడని అందరూ అనుకుంటున్నారు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "కొట్టినాను బాబూ. మల్లీ లాగితే మల్లీ కొడతాను. ఆ దూలం పుచ్చిపోయుంది. గంటూడి గుంటడి నెత్తి మీద పడితే అప్పుడొచ్చి ఏడుత్తారేటి?" అన్నాడు. అని ఊరుకున్నాడు. ఉద్యోగం పోతుందేమోనన్న బెదురు లేదు, ఆఫీసరుకి బుద్ధి చెప్పానన్న మురిపెమూ లేదు. మర్నాడు వడ్రంగి వచ్చి దూలం మార్చాడు. ఆ మనిషిని ఏ మాటతో చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు. "వినయం" అంటే మా తెలుగు మాస్టారు చేతులు కట్టుకోవడం అనేవారు. తాత ఎవరి ముందూ చేతులు కట్టుకోలేదు.

1983లో నేను తొమ్మిదో తరగతి. ఈస్టరుకి ముందు వచ్చే లెంటు దినాల్లో సండే స్కూలు పిల్లలకి వక్తృత్వ పోటీ పెట్టారు. అంశం: క్రైస్తవ జీవితంలో దీనత్వం. పాస్టరమ్మగారు నాకు తర్ఫీదు ఇచ్చారు. ఆవిడ మహా చదువరి. ఫిలిప్పీయులకి రాసిన పత్రిక రెండో అధ్యాయంలో "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను" అన్నచోట ఆపి, "రిక్తుడంటే ఏమిట్రా?" అని అడిగారు. రక్తానికి సంబంధించిందేదో అనుకున్నాను. "ఖాళీ. కుండలో ఉన్నదంతా ఒంపేసినట్టు. ఆయనంతట ఆయనే ఒంపేసుకున్నాడు, ఎవరూ ఒంచలేదు" అన్నారు. పేతురు రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయం కూడా ఆవిడే చూపించారు. "దీనమనస్సు అను వస్త్రము ధరించుకొని మిమ్మును అలంకరించుకొనుడి" అని మన బైబిల్లో ఉంటుంది. గ్రీకులో ఆ ధరించడానికి వాడిన మాట ముడి వేసి కట్టుకోవడమట. పనివాళ్లు ఒంటి మీది బట్ట పాడవకుండా పైన కట్టుకునే గుడ్డకి అదే మాట నుంచి పేరొచ్చిందట. "యేసు ప్రభువు నడుముకి తువాలు కట్టుకుని పేతురు కాళ్లు కడిగిన ఆ రాత్రి ఆయనకి ముసలితనంలో కూడా గుర్తుండి ఉంటుంది" అన్నారు పాస్టరమ్మగారు. నాకు ఒళ్లు పులకరించింది. ఎందుకు పులకరించిందో దాచుకోను. ఆ మాట చెబితే జడ్జీలు పడిపోతారని.

ఇంకో ఉదాహరణ నేనే చేర్చాను. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రేంజెస్ అనే ఇద్దరు లండన్ మిషన్ వాళ్లు మన విశాఖపట్నంలోనే దిగారు. తెలుగు నేర్చుకుని సువార్తలు తెలుగు చేయడానికి కూర్చున్నారు. క్రాన్ 1809లోనూ, డెస్ గ్రేంజెస్ 1810లోనూ పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. తాము చేసిన పుస్తకాన్ని చేత్తో పట్టుకోకుండానే వెళ్లిపోయారు! ఇక్కడ గొంతు తగ్గించాలి, రెండు క్షణాలు ఆగాలి, అని అద్దం ముందు సాధన చేశాను. వాళ్ల పక్కన కూర్చుని ఆ పని సాగేలా చేసిన ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన బ్రాహ్మణుడు ఒకాయన ఉన్నాడని మాత్రం నాకు నలభై ఏళ్లు దాటాక ఎక్కడో చదివితే తెలిసింది. దీనత్వం గురించి నేను గొంతు చించుకున్న ఆ ఏడు నిమిషాల్లో ఆయన ఊసే లేదు.

ఫస్టు ప్రైజు నాదే. స్టీలు పళ్లెం. అంచు దగ్గర చుక్కల మిషన్తో మూడు వరసలు చెక్కించారు. మొదటి వరస నా పేరు, రెండోది "దీనత్వం – వక్తృత్వ పోటీ", మూడోది "ప్రథమ బహుమతి 1983". ఇంటికొచ్చే దారిలో ఆ పళ్లేన్ని చంకలో పెట్టుకోకుండా, అక్షరాలు బయటికి కనపడేలా గుండెకి ఆనించి పట్టుకున్నాను. దారిలో ఎదురైన ప్రతివాళ్లూ ఆగి చదవాలని. ఇద్దరు ఆగారు కూడా.

ఆ పళ్లెంలో ఎనిమిది నెలలు తిన్నాను. క్రిస్మస్‌కి అమ్మ అరిసెలు, జంతికలు, గవ్వలు వండి, వీధిలో అందరికీ పళ్లేలు పంపింది. ఏ పళ్లెం ఎవరింటికి వెళ్లిందో ఎవరికి గుర్తుంటుంది? తాత గదికి వెళ్లింది నా పళ్లెం. గుడి వెనకే రేకుల గదిలో ఉండేవాడు, ఒక్కడే. మామూలుగా పళ్లేలు ఏదో ఒకటి వేసి తిరిగొస్తాయి. వేయడానికి ఏమీ లేనివాడు ఎలా తిప్పి పంపిస్తాడు? ఖాళీ పళ్లెం పంపడం మర్యాద కాదని ఊరుకుని ఉంటాడు. నేను ఇల్లంతా వెతికి అమ్మ మీద విరుచుకుపడ్డాను. "పోతే పోయింది, నువ్వు మళ్లీ మాట్లాడితే మళ్లీ ఇస్తారు" అంది అమ్మ.

ఆ మరుసటేడు ఈస్టరు ముందు గురువారం, నా స్కూలు స్నేహితుడు ఒకడు జ్ఞానాపురం పెద్ద గుడికి తీసుకెళ్లాడు. వాళ్లు రోమన్ కాథలిక్కులు. మా గుడిలో కాళ్లు కడగడం గురించి ప్రసంగాలు చెప్పేవారు గానీ కడిగేవారు కాదు. వాళ్లు నిజంగానే కడుగుతారని నాకు తెలియదు. పన్నెండు మంది మగవాళ్లని ముందు వరసలో కూర్చోబెట్టారు. (ఆడవాళ్ల పాదాలు కూడా కడగొచ్చని రూలు మారింది ఈ మధ్యే, 2016లో, పోప్ ఫ్రాన్సిస్ మార్చారు.) ఫాదర్‌గారు పైవస్త్రం తీసి, తువాలు కట్టుకుని, జగ్గూ పళ్లెమూ పట్టుకుని ఒక్కొక్కరి ముందూ మోకాలి మీద కూర్చుంటున్నారు. ఆరో మనిషి స్టేషన్ దగ్గర మూటలు మోసే కళాసీ. మావాడికి తెలిసినాయన. ఆయన కాళ్లు నిగనిగలాడుతున్నాయి. "పొద్దున్నించి మూడుసార్లు సబ్బెట్టి రుద్దుకున్నాడు, కొబ్బరి నూనె కూడా రాశాడు" అని చెవిలో చెప్పి మావాడు నవ్వాపుకోలేకపోయాడు. కడిగించుకోవడానికి కడుక్కుని వచ్చాడు! నేనూ నవ్వాను. ఫాదర్‌గారి చెయ్యి పాదం మీద పడగానే ఆయన కాలు వెనక్కి లాక్కోబోయాడు. "వద్దండి బాబూ" అని పెదవులు కదలడం కనపడింది. ఫాదర్‌గారు వదల్లేదు.

పేతురు అన్నది సరిగ్గా అదే కదా, "నీవెన్నడును నా పాదములు కడుగరాదు". ప్రసంగాల్లో మేము ఎప్పుడూ కడిగేవాడి వైపు నుంచే ఆ కథ చెప్పుకునేవాళ్లం. మనమూ అలా వంగాలి, మనమూ అలా సేవ చేయాలి అని. కాళ్లు చాపుకుని కూర్చున్నవాడి సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ కళాసీ మొహంలో చూశాను, అది మూట మోయడం కంటే కష్టంలా ఉంది.

ఉద్యోగం వచ్చాక నా దీనత్వం ఏ స్థాయికి చేరిందో చెప్పాలంటే గుమ్మడికాయ గురించి చెప్పాలి. 1989, బ్యాంకులో చేరిన మొదటి ఏడు, గుడిలో కోత పండుగ. పల్లెటూళ్లలో అయితే పొలంలో పండిన ప్రథమ ఫలాలు తెస్తారు. మాకు పొలాలెక్కడివి? పూర్ణా మార్కెట్లో కొన్న కూరగాయలే మా పంట. ఒకాయన అయితే సంచి మీద కొట్టు పేరు కూడా తీయకుండా తెచ్చి బల్ల ముందు పెట్టాడు. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం వేస్తారు, డబ్బు సంఘానికి. ఒక గుమ్మడికాయ పాటకొచ్చింది. నేను పది అన్నాను. మా బావ వరసైన కంట్రాక్టరు ఒకాయన పదిహేను అన్నాడు. ఎక్కడ మొదలైందో తెలియదు, పంతం పట్టింది. చుట్టూ జనం ఈలలు. చివరికి నా జీతంలో అయిదో వంతు పోసి ఆ కాయ నెగ్గాను. మైకులో నా పేరు రెండుసార్లు చదివారు. "అంతా దేవుని మహిమార్థమే" అన్నాను మైకు దగ్గరికి వెళ్లి, తల వంచి. అది వింటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. ఆ కాయతో అమ్మ మూడు రోజులు పులుసు పెట్టి వీధంతా పంచింది.

ఆ వేలంలోనే ఇంకోటి జరిగేది, ఏటా జరిగేది. ఎవరో విధవరాలు ఓ కట్ట కరివేపాకు తెస్తుంది, ఇంకొకావిడ నాలుగు నిమ్మకాయలు. అవి పాటకొచ్చినప్పుడు ఎవరూ నోరెత్తరు. ఆ నిశ్శబ్దంలో తెచ్చినావిడ తల దించుకుని కూర్చునే లోపే, తలుపు దగ్గర నుంచి గంట తాత గొంతు వినపడేది: "రూపాయి!" దాంతో ఎవరో రెండనేవారు, ఇంకెవరో మూడు. పాట లేచిపోయేది. తాత మళ్లీ నోరెత్తేవాడు కాదు. ఆయన ఏ వస్తువూ నెగ్గి ఇంటికి పట్టుకెళ్లడం నేను చూడలేదు. అప్పుడు దాన్ని ముసలాడి అలవాటు అనుకున్నాను. మైకులో ఎప్పుడూ చదవని పేరు కాబట్టి గమనించడానికీ ఏమీ లేదు.

ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను, గుళ్లు మారాయి, ఫ్లెక్సీలు వచ్చాయి. "దేవుని అల్ప సేవకుడు" అని రాసి దాని పైన ఆరడుగుల ఫొటో వేసుకునే రోజులు. నవ్వే హక్కు నాకు లేదు, నా పళ్లెం సంగతి చెప్పాను కదా. కానీ ఒక సంగతి మాత్రం కడుపులోంచి చెబుతాను. మా చిన్నప్పుడు దీనత్వం మీద ప్రసంగం వచ్చిందంటే, చెప్పేవారి చూపు ఎప్పుడూ వెనక బెంచీల మీదే ఉండేది. అణగి ఉండాలి, ఎదురు చెప్పకూడదు, ఉన్నదాంతో తృప్తి పడాలి. రాత్రంతా వార్డులో మలమూత్రాలెత్తి వచ్చిన ఆయాకి ఆ మాట చెప్పడం ఏమిటి? ఊళ్లో తరతరాలుగా ఎవరో ఒకరు తగ్గించి పెట్టినవాళ్లే మా సంఘాల్లో సగానికి పైన ఉన్నారు. వాళ్లని ఇంకా తగ్గమనడం ఏ సువార్త? తెలుగు బైబిల్లో, ఆ ఫిలిప్పీయుల పత్రిక రెండో అధ్యాయంలోనే, ఆ మాట చాలా జాగ్రత్తగా ఉంది: "తన్నుతాను తగ్గించుకొనెను." తగ్గించుకోవడం వేరు, తగ్గించడం వేరు. మొదటిది ఎవరికి వారు చేసుకునేది. రెండోది పక్కవాడి మెడ మీద కాలు పెట్టడం. మొదటి బెంచీ వైపు తిరిగి ఈ అధ్యాయం చెప్పిన పాస్టరుగారు నాకు తెలిసి ఒక్కరే, ఆయన్ని రెండేళ్లలో బదిలీ చేశారు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయిన ఏడాది నాకు మోకాలి ఆపరేషనయింది. వంగలేను. కాలి గోళ్లు పెరిగిపోయి సాక్సుల్ని చింపేస్తున్నాయి. మా ఆవిడ తీస్తానంటే వద్దన్నాను. అమ్మాయి తీస్తానంటే కసురుకున్నాను. మనిషిని పిలిపిస్తాను, డబ్బులిస్తాను, మీరెందుకు ముట్టుకోవడం అని. వారం రోజులు ఇదే గొడవ. "ఇంతకీ మీకు మా మీద జాలా, మీ మీద గర్వమా?" అని అడిగింది మా ఆవిడ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కళ్లు మూస్తే కేజీహెచ్, అదే మా విశాఖ పెద్దాసుపత్రి, కనపడింది.

1991 వానాకాలం. గంట తాతకి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని పెద్దాసుపత్రిలో చేర్చారని నాన్న చెప్పాడు. ఆదివారం హార్లిక్స్ సీసా, అరడజను బత్తాయిలు కొనుక్కుని వెళ్లాను. అప్పటికి నేను మొదటి బెంచీకి చేరిపోయాను, అన్నట్టు. మెట్టెక్కి, వార్డు వెతుక్కుని వెళ్లేసరికి కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉన్నాడు. సగానికి సగం అయిపోయాడు. తువ్వాలు మాత్రం భుజం మీదే ఉంది.

"ఒచ్చినావా బాబూ? కూకో. గంట ఎవులు కొడతన్నారు?"

ఎవరో కుర్రాడు కొడుతున్నాడన్నాను. "దూలం సూసుకోమను" అన్నాడు. సీసా, బత్తాయిలు బల్ల మీద పెట్టాను. నేను చేయాల్సింది అయిపోయింది. ఒక చిన్న ప్రార్థన చేసి లేవాలి. ప్రార్థనలో వాడాల్సిన మాటలు కూడా మెట్లెక్కుతూ సిద్ధం చేసుకున్నాను. తల వంచబోతుంటే తాత దుప్పటి పక్కకి తీసి కాళ్లు నా వైపు చాపాడు.

"బాబూ, గోల్లు పెరిగిపోనాయి. వొంగలేకపోతన్నాను. తీసిపెడతావేటి?"

అంతే. సిగ్గుపడుతూ కాదు, బతిమాలుతూ కాదు. కాసిని మంచినీళ్లు ఇవ్వమన్నట్టు అడిగాడు. నాకు ఒక్క క్షణం ఏం వినపడిందో అర్థం కాలేదు. నేను హార్లిక్స్ తెచ్చిన మనిషిని కదా!

పక్క మంచం వాళ్ల దగ్గర సగం బ్లేడు దొరికింది. ఆయా ఒక బేసిన్లో నీళ్లు తెచ్చిచ్చింది. ఫుల్ ప్యాంటు మడుచుకుని నేల మీద కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి ఒక మనిషి పాదాలు అంత దగ్గరగా చూశాను. మడమలు ఎండిన చెరువు మట్టిలా పగిలిపోయి ఉన్నాయి. ఒక్కో పగులులోనూ సన్నటి ఎర్ర గీత. నీళ్లలో నానబెట్టి రుద్దినా పోలేదు. చర్మం లోపలికి ఇంకిపోయిన రంగది. ముప్ఫై ఏళ్లు మా తెల్ల పంచెలకి, మా అమ్మల చీరలకి అంటకుండా తుడిచిందంతా ఇక్కడికొచ్చి చేరిందన్నమాట. బొటనవేలి గోరు కొమ్ములా గట్టిపడి వంకర తిరిగింది. బ్లేడు జారి రెండుసార్లు నా వేలే తెగింది. తాత కిటికీలోంచి సముద్రం చూస్తూ, హార్బరు మొగ దగ్గర ఆగిన ఓడ ఏ దేశందో చెబుతూ కూర్చున్నాడు. కాలు ఒక్కసారి కూడా వెనక్కి లాక్కోలేదు. చేయి వణికితే, "నెమ్మదిగా కానీ, తొందరేటి" అన్నాడు. గోళ్లన్నీ పేపర్లో పోగేసి పొట్లం కట్టాను. తువ్వాలు ఇచ్చి తుడవమన్నాడు. తుడిచాను.

ఇంతలో భోజనం బండి వచ్చింది. తాత దిండు కింద నుంచి పళ్లెం తీశాడు. చూడగానే గుర్తుపట్టాను. ఎనిమిదేళ్లు ఇసకతోనూ బూడిదతోనూ తోమి తోమి మెరుపు పోయి తెల్లగా వెలిసిపోయింది. అంచు దగ్గర చుక్కల అక్షరాల్లో ఎప్పటిదో గంజి ఎండి ఇరుక్కుని ఉంది. అన్నం, పప్పుచారు వేయించుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. నేను ఆ అంచు వైపే చూస్తున్నానని కనిపెట్టాడు.

"ఎప్పుడో పండక్కి అమ్మ అరిసెలంపింది గదా, అప్పటిది. తిరిగియ్యాలనే అనుకున్నాను. ఇదిగో, ఈ రాతేటి బాబూ? ఎవుల్నడిగినా సదివినోడు లేడు."

"మొదటిది నా పేరు తాతా" అన్నాను.

"ఓలమ్మా! అయితే ఇన్నాల్లూ నీ పేరు మీద తిన్నానన్నమాట" అని నవ్వబోయి దగ్గాడు. "కిందదో?"

"మొదటి బహుమతి అని."

"మరి మద్దిలోది?"

"ఏదో పోటీ పేరు. అరిగిపోయింది, కనపట్లేదు."

అరగలేదు. మూడు వరసల్లోకీ అదే తేటగా ఉంది. తాత పళ్లెం ఎత్తి, వెలుతురుకి అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో ఆ వరస తడిమాడు. మొహం చిన్నబోయింది.

"తప్పయిపోనాది బాబూ," అన్నాడు, "నానే తోమి తోమి అరగ్గొట్టీసినాను."